లేసు కుచ్చులు లేచిన చోట లెక్క మొదలవుతుంది

నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం వంటపని అయ్యాక అరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. ఒక చేతిలో సన్నటి కొక్కెం సూది, రెండో చేతి వేలికి చుట్టుకున్న నూలు దారం, ఒళ్ళో సగం అయిన గుండ్రటి టేబుల్ గుడ్డ. కబుర్లు నడుస్తూనే ఉంటాయి, చెయ్యి మాత్రం లెక్క తప్పదు. తప్పితే దారమే చెప్పేస్తుంది: ఒక్కో చుట్టుకి పెంచాల్సినన్ని కుట్లు పెంచకపోతే అల్లిక గిన్నెలా లోపలికి ముడుచుకుంటుంది, అవసరానికి మించి పెంచితే అంచంతా కుచ్చులు కుచ్చులుగా లేచిపోతుంది, సరిగ్గా పెంచితేనే బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. కుచ్చులు లేచిందంటే విప్పి మళ్ళీ అల్లుకోవాల్సిందే.

ఆ మూడు గుడ్డలూ మూడు రకాల జామెట్రీలు. చదునుగా పరుచుకున్నది యూక్లిడ్‌ది, బళ్ళో మనం చదువుకున్నది. గిన్నెలా ముడుచుకున్నది గోళం మీద జామెట్రీ. కుచ్చులు లేచినదాన్ని ఊహించడానికి గణితజ్ఞులకి రెండు వేల ఏళ్ళు పట్టింది, నమ్మడానికి ఇంకొంత కాలం పట్టింది, చిరుగుతుందన్న భయం లేకుండా చేత్తో పట్టుకుని చూడడానికి 20వ శతాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది.

గణితాన్ని బొమ్మలతో, దారంతో, అట్టముక్కలతో నేర్పడం అనగానే చాలామందికి అదేదో చిన్నపిల్లల కోసం, లెక్కలంటే భయపడేవాళ్ళ కోసం చేసే తేలిక ఏర్పాటు అనిపిస్తుంది. అసలు లెక్క వేరే ఎక్కడో పుస్తకంలో ఉంది, ఇది దాని బొమ్మ అన్నమాట. ఈ అభిప్రాయం తప్పని లేసు చూస్తే తెలుస్తుంది. ఒక వస్తువు చేస్తూ ఉంటే ఎక్కడో ఒక చోట అది మన మాట వినదు. కాగితం చిరుగుతుంది, దారం ముడతపడుతుంది, గీత మొదలుపెట్టిన చోటికి వచ్చేసి సగం చుక్కల్ని వదిలేస్తుంది. అలా మాట వినని చోట చెయ్యి ఆగి, ఎందుకు వినలేదని అడగడమే గణితం. సిద్ధాంతం ముందు తెలిసి తర్వాత బొమ్మ చేయడం ఒక పద్ధతి, బొమ్మ చేస్తూ సిద్ధాంతం దగ్గరికి పోవడం ఇంకో పద్ధతి. రెండోదానికి మన బళ్ళలో చోటు దాదాపు లేదు. గోదావరి డెల్టాలో మాత్రం దానికి కావాల్సిన సరంజామా అంతా వీధిలోనే ఉంది.

ముందు లేసు సంగతి పూర్తిగా చూద్దాం, ఎందుకంటే ఇందులో లెక్క చాలా తేట.

కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం అనుకుందాం. ఒక చుట్టు పూర్తయితే గుడ్డ వ్యాసార్థం ఒక కుట్టంత పెరుగుతుంది. చుట్టుకొలత వ్యాసార్థానికి 2π రెట్లు, అంటే 6.28 రెట్లు. కాబట్టి గుడ్డ చదునుగా ఉండాలంటే ప్రతి చుట్టుకీ ఆరు కుట్లు, ఆ పైన చిన్న ముక్క పెరగాలి. ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు అని అల్లితే చదునుగా వస్తుంది. పొడుగు కుట్టు వేస్తే, అది వెడల్పుకి రెండింతలు ఎత్తుంటే, చుట్టుకి పన్నెండు పెంచాలి. అల్లేవాళ్ళకి ఈ లెక్క నమూనాలో ఉంటుంది, చేతి అలవాటులో ఉంటుంది, π అనే పేరుతో మాత్రం ఉండదు. పేరు ఉన్నా లేకపోయినా ప్రతి గుండ్రటి లేసు గుడ్డలోనూ ఆ 6.28 కూర్చుని ఉంది, తొమ్మిదో తరగతి పిల్లలు కుట్లు లెక్కపెట్టి దాన్ని బయటికి తీయొచ్చు.

ఇప్పుడు నియమం మార్చి చూడండి. చుట్టుకి ఇన్ని కుట్లు అని కాకుండా, ప్రతి ఐదు కుట్లకీ ఒకటి పెంచుతూ పోవాలి, ప్రతి చుట్టులోనూ, ఎక్కడా ఆపకుండా. ఇది కూడిక కాదు, హెచ్చవేత. వడ్డీ మీద వడ్డీ లాంటిది. ఇరవై కుట్లతో మొదలుపెడితే పది చుట్లకి సుమారు 124 కుట్లవుతాయి, ఇరవై చుట్లకి 767, ముప్ఫై చుట్లకి 4,700 దాటుతాయి. అన్ని కుట్లకి చదునైన బల్ల మీద చోటు లేదు. అందుకే గుడ్డ పైకీ కిందికీ మెలికలు తిరుగుతూ, కోడిజుట్టు పువ్వులాగా, ఆకుకూర అంచులాగా లేచిపోతుంది. ఎక్కడ చూసినా వంపు ఒకే తీరున ఉండే ఈ తలాన్ని హైపర్‌బోలిక్ తలం అంటారు.

యూక్లిడ్ ఐదో సూత్రం ప్రకారం ఒక సరళరేఖా, దాని మీద లేని ఒక బిందువూ ఉంటే, ఆ బిందువు గుండా ఆ రేఖని ఎప్పటికీ తాకని రేఖ ఒకటే ఉంటుంది. దీన్ని మిగతా సూత్రాల నుంచి రుజువు చేయాలని తరతరాల వాళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నారు. 1829లో రష్యాలో లొబచెవ్‌స్కీ, 1832లో హంగరీలో యానోష్ బొల్యాయ్ ఎవరికి వారే ఆ సూత్రం లేకుండా కూడా పొరపాటు లేని జామెట్రీ కట్టొచ్చని ప్రచురించారు. ఆ జామెట్రీలో ఒక బిందువు గుండా తాకని రేఖలు ఎన్నయినా ఉంటాయి, త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీల కన్నా తక్కువ వస్తుంది. 1868లో ఇటలీకి చెందిన బెల్‌ట్రామి దానికి గట్టి పునాది వేశాడు, కాగితంతో ఒక నమూనా కూడా చేశాడు. 1970లలో అమెరికన్ గణితజ్ఞుడు విలియం థర్‌స్టన్ సన్నటి వంపు కాగితపు పట్టీలు అతికించి నమూనా చేసే పద్ధతి చెప్పాడు. కాగితం కదా, నాలుగు చేతులు మారేసరికి చిరుగుతుంది. లాత్వియాలో పుట్టి అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చేరిన గణిత అధ్యాపకురాలు డైనా తైమినా 1997లో ఆ కాగితం నమూనా చూసి, ఇది కొక్కెం సూదితో అల్లొచ్చు కదా అనుకుని అల్లేసింది. పైన చెప్పిన నియమమే, ఇన్ని కుట్లకి ఒకటి చొప్పున పెంచుతూ పోవడం.

ఆ అల్లికతో ఏం చేయొచ్చో చూడండి. దాన్ని ఎలా కావాలంటే అలా మడిచి నొక్కితే మడత ఒక గీతలా పడుతుంది. ఆ తలం మీద సరళరేఖ అంటే అదే, ఎందుకంటే మడతకి ఇటూ అటూ ఉన్న గుడ్డ ఒకేలా ఉంటుంది. ఆ మడత వెంట రంగు దారంతో కుడితే రేఖ నిలిచిపోతుంది. దాని మీద లేని ఒక కుట్టు ఎంచుకుని దాని గుండా రెండో మడత, మూడో మడత, నాలుగోది వేసి కుట్టొచ్చు, ఏదీ మొదటి రేఖని తాకదు. గుడ్డ కుచ్చుల్లో అవి దూరందూరంగా విడిపోతూ పోవడం కళ్ళకి కనిపిస్తుంది. మూడు మడతలతో త్రిభుజం కుట్టి మూలలు కొలిస్తే 180 రాదు, త్రిభుజం పెద్దదయ్యే కొద్దీ మూలలు సూదుల్లా సన్నబడిపోతాయి. రెండు వేల ఏళ్ళ వివాదం ఒళ్ళో పెట్టుకుని చూసుకునే వస్తువు అయిపోయింది.

ఇంకో సంగతి. 1901లో జర్మన్ గణితజ్ఞుడు హిల్‌బర్ట్ ఈ తలాన్ని నునుపు చెడకుండా మన మూడు కొలతల చోటులో మొత్తం ఇమడ్చడం కుదరదని రుజువు చేశాడు. అంటే లేసు మీద మనం పట్టుకున్నది ఎప్పుడూ ఒక ముక్కే. అల్లేవాళ్ళ చేతికి కూడా ఆ కష్టం తెలుస్తుంది. చుట్లు పెరిగేకొద్దీ కుచ్చులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, సూది దూరే సందు ఉండదు, ఒక్కో చుట్టు పూర్తి చేయడానికి అంతకుముందు చుట్టు కన్నా ఎక్కువ టైం పడుతుంది. సిద్ధాంతం చెప్పింది ఒకటి, చేతికి తగిలింది ఇంకొకటి, ఇవి రెండూ ఒకటే అనలేం గానీ, చేతికి ఆ ఇరుకు తగిలాక హిల్‌బర్ట్ చెప్పింది వినబుద్ధవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇలాంటివి చదివాక, చూశారా మన ఆడవాళ్ళకి ఈ జామెట్రీ ఎప్పటినుంచో తెలుసు అనే మాట వెంటనే వస్తుంది. అది నిజం కాదు, అలా అనడం వాళ్ళకి గౌరవమూ కాదు. కొక్కెం సూదితో చేసే ఈ క్రోషే అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీలతో పాటు ఈ ప్రాంతానికి వచ్చింది, ఇక్కడి చేతులు దాన్ని తమది చేసుకున్నాయి, 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ చేతులకి తెలిసింది కుచ్చు రాకుండా చూసుకోవడం, కావాలన్న చోట కుచ్చు రప్పించడం. అది గొప్ప నేర్పు. లొబచెవ్‌స్కీ అడిగిన ప్రశ్న వేరు. ఒకదాన్ని ఇంకోదానిలో కలిపేస్తే రెండూ చెడతాయి. అలాగని ఈ నేర్పుని లెక్కలోంచి తీసేయడం ఇంకా పెద్ద తప్పు. 1970ల చివర్లో జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ ఈ లేసు పల్లెల్లో తిరిగి, రోజంతా అల్లే ఆడవాళ్ళని పనివాళ్ళుగా కాకుండా ఖాళీ టైంలో ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కకట్టడం వల్లే వాళ్ళకి అంత తక్కువ కూలి దక్కుతోందని చూపించింది. పనినే పనిగా చూడకపోతే అందులో ఉన్న తెలివిని తెలివిగా ఎవరు చూస్తారు?

గుండ్రటివాటి సంగతికి వస్తే దారం కూడా అక్కర్లేదు. కోనసీమలో పంపర పనస తొక్క చాలు. నాలుగు పాయలుగా వలిచిన ఒక దళసరి తొక్కని తిరగేసి నేల మీద నొక్కితే అంచులు చిట్లుతాయి, చిట్లకుండా చదును కాదు. అదే కొబ్బరాకుతో పిల్లలు బూర చేస్తారు, ఆకుని ఏటవాలుగా చుట్టుకుంటూ పోతే సన్నగా మొదలై వెడల్పుగా విచ్చుకుంటుంది, ఊదితే మోగుతుంది. ఆకు ఎక్కడా చిరగదు, సాగదు, విప్పితే మళ్ళీ చదునుగా అయిపోతుంది. పంపర పనస తొక్కకి కుదరనిది కొబ్బరాకుకి ఎందుకు కుదిరింది అనేదానికి 1827లో జర్మన్ గణితజ్ఞుడు గౌస్ జవాబు చెప్పాడు. ఒక తలానికి సొంత వక్రత ఒకటి ఉంటుంది, సాగదీయకుండా చింపకుండా ఎంత వంచినా అది మారదు. చదును కాగితానికి అది సున్నా, దాన్ని చుట్టి చేసిన గొట్టానికీ బూరకీ కూడా సున్నాయే. పండు తొక్కకి సున్నా కాదు. భూగోళాన్ని తప్పు లేకుండా మ్యాపుగా పరచలేకపోవడానికి కారణం ఇదే. సమీకరణాలు తర్వాత నేర్చుకోవచ్చు. ముందు బూరనీ తొక్కనీ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆ సమీకరణాలు దేని గురించో తెలియదు.

ముగ్గు దగ్గరికి వద్దాం. ధనుర్మాసం నెలగంట పెట్టిన రోజు నుంచి పండగ దాకా డెల్టాలో ప్రతి వాకిలీ ఒక పలకే. కళ్ళాపి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు చుక్కలు పడతాయి. చుక్క కింద చుక్క పడితే సరి చుక్క, రెండు చుక్కల మధ్య సందులో పడితే సందు చుక్క. "7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేవరకు" అంటే మధ్య వరుసలో ఏడు, ఇటూ అటూ ఆరు, ఐదు, నాలుగు. మొత్తం 37. ఈ 37 ఊరికే వచ్చిన సంఖ్య కాదు. నాలుగు ఘనాలు పొడుగు, నాలుగు వెడల్పు, నాలుగు ఎత్తు పేర్చిన చెక్కఘనాల దిమ్మని మూల నుంచి చూస్తే కంటికి కనబడే చిన్న ఘనాలు సరిగ్గా 37, వెనక దాగినవి 27, రెండూ కలిపితే 64. వాకిట్లో పడ్డ ఆరు మూలల చుక్కలు ఒక ఘనాన్ని మూల నుంచి చూసిన బొమ్మే. చుక్కలు పెట్టేవాళ్ళకి అది తెలియాల్సిన పని లేదు, తెలిసిన పిల్లలకి మాత్రం ఘనాల తేడా అనే సూత్రం జన్మలో మర్చిపోబుద్ధి కాదు.

మెలికల ముగ్గులో ఇంకా మంచి లెక్క ఉంది, దీన్ని కాస్త నింపాదిగా చూడాలి. సరి చుక్కలు, దీర్ఘచతురస్రం, మూడు వరుసలు, వరుసకి ఐదు. గీత చుక్కల మధ్య నుంచి ఏటవాలుగా పోతుంది, అంచుకి వస్తే క్యారమ్స్ బోర్డు గట్టుకి తగిలిన కాయిన్ లాగా తిరిగి లోపలికి వస్తుంది, ఇంకో గీతని దాటాల్సి వస్తే నేరుగా దాటుతుంది. ఇలా చెయ్యి ఎత్తకుండా పోతే మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి పదిహేను చుక్కలూ చుట్టేసి ఉంటాయి. ఒకే తీగ. ఇప్పుడు నాలుగు వరుసలు, వరుసకి ఆరు పెట్టి అదే పని చేయండి. గీత మొదటికి వచ్చేస్తుంది గానీ సగం ముగ్గే అవుతుంది, మిగతా సగానికి రెండో తీగ మొదలుపెట్టాలి. మూడు మూళ్ళు పెడితే మూడు తీగలు. రెండు మూళ్ళు పెడితే ఒకటే. నాలుగైదు ముగ్గులు వేసి పట్టిక రాసుకున్న పిల్లలు ఎవరూ చెప్పకుండానే పట్టేస్తారు: తీగల సంఖ్య అంటే వరుసల సంఖ్యకీ చుక్కల సంఖ్యకీ గ.సా.భా.

ఎందుకు? దీనికి జవాబు కూడా ముగ్గులోనే ఉంది. ప్రతి చుక్క చుట్టూ వంకరగా నిలబెట్టిన చిన్న గళ్ళలా నాలుగు గీతముక్కలు పడతాయి. మూడు ఐదులు పదిహేను చుక్కలు, అంటే మొత్తం 60 ముక్కలు. ఇప్పుడు గీత వెంట నడుద్దాం. ఒక చుక్క పొడుగు దాటడానికి రెండు ముక్కలు కావాలి. అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఐదు చుక్కలు, అంటే పది ముక్కలు, రానూపోనూ ఇరవై. నిలువుగా మూడు చుక్కలు, ఆరు ముక్కలు, రానూపోనూ పన్నెండు. గీత బయల్దేరిన చోటికే, అదే దిక్కుగా తిరిగి రావాలంటే ఇరవైల లెక్కా పన్నెండుల లెక్కా ఒకేసారి పూర్తవ్వాలి. అది వాటి క.సా.గు., అంటే 60. ఉన్న ముక్కలు 60, తీగ నడిచింది 60, కాబట్టి తీగ ఒక్కటే. నాలుగు ఆర్లలో ముక్కలు 96, తీగ పొడుగు 16కీ 24కీ క.సా.గు. 48, కాబట్టి రెండు తీగలు. ఆరో తరగతిలో బట్టీ పట్టించే గ.సా.భా., క.సా.గు. వాకిట్లో ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉన్నాయి, రెండింటి లబ్ధం అసలు సంఖ్యల లబ్ధానికి సమానం అన్న సూత్రంతో సహా.

ఇక్కడితో ఆపనక్కర్లేదు. నాలుగు ఆర్ల ముగ్గులో రెండు వేరు వేరు తీగలు దాటుకునే చోటొకటి ఎంచుకుని, అక్కడ రెండు చుక్కల మధ్య చిన్న అడ్డగోడ ఉన్నట్టు అనుకుని గీతల్ని దాటనివ్వకుండా వెనక్కి తిప్పితే రెండు తీగలూ కలిసి ఒకటైపోతాయి. ఇది ఎప్పుడూ జరుగుతుంది. తీగ తనని తానే దాటుకునే చోట అదే పని చేస్తే మాత్రం ఒక్కోసారి రెండుగా తెగుతుంది, ఒక్కోసారి ఒకటిగానే ఉంటుంది, గోడ ఏ వైపుకి పెట్టామన్న దాన్ని బట్టి. ఏ గోడకి తెగుతుందో, ఏ గోడకి తెగదో సుద్దముక్క పట్టుకుని ఒక సాయంత్రం కూర్చుంటే తేలుతుంది. 1970లలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి కోలాలకి, అంటే తమిళ ముగ్గులకి, కంప్యూటర్ భాషల లాగా వ్యాకరణాలు రాశారు, 1974లో ఆ వ్యాసం వచ్చింది. అంగోలాలో ఇసక మీద చుక్కల చుట్టూ గీసే సోనా బొమ్మల మీద పౌలస్ గెర్డెస్ మొజాంబిక్‌లో ఉండి ఏళ్ళ తరబడి పనిచేశాడు, పైన చెప్పిన గ.సా.భా. లెక్క వాటికీ వర్తిస్తుంది. వాకిటి ముగ్గు ప్రపంచ గణితానికి చుట్టం, మర్యాదకి చెప్పే చుట్టరికం కాదిది.

వస్తువు చేసి గణితం చూడడం పెద్ద పెద్దవాళ్ళు కూడా చిన్నతనంగా అనుకోలేదు. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో ఫెలిక్స్ క్లైన్, అలెగ్జాండర్ బ్రిల్ వాళ్ళ విద్యార్థులతో ప్లాస్టర్‌తో, దారాలతో వంపు తలాల నమూనాలు చేయించేవారు, 1893లో వాటిని చికాగో ప్రపంచ ప్రదర్శనకి కూడా తీసుకెళ్ళారు. సరిగ్గా అదే 1893లో మద్రాసులో టి. సుందరరావు కాగితం మడతలతో జామెట్రీ ఎలా చేయొచ్చో ఇంగ్లిషులో పుస్తకం వేశాడు. దాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది ఈ క్లైనే. తర్వాత 20వ శతాబ్దంలో గణితం బాగా నైరూప్యంగా మారాక ఆ ప్లాస్టర్ బొమ్మలు అద్దాల బీరువాల్లోకి వెళ్ళిపోయాయి.

అయినా చేతిపని వల్ల కొత్త గణితం పుట్టడం ఆగలేదు. 1975లో కాలిఫోర్నియాలో మార్జరీ రైస్ అనే గృహిణి, హైస్కూలుతో చదువు ఆపేసిన మనిషి, పిల్లల కోసం తెప్పించిన ఒక సైన్సు పత్రికలో ఐదు మూలల పలకలతో నేల పరచడం గురించి చదివింది. వంటింటి గట్టు మీద బొమ్మలు గీస్తూ, తనకి తానే గుర్తులు కల్పించుకుని, 1977 కల్లా నాలుగు కొత్త రకాల పలకలు కనిపెట్టింది. ఏ మూలా లోపలికి నొక్కుకోని ఇలాంటి ఐదు మూలల పలకలు మొత్తం పదిహేను రకాలే ఉన్నాయని 2017లో మికాయెల్ రావ్ రుజువు చేశాడు, అందులో నాలుగు ఆమెవి. ఈ మధ్య 2022 చివర్లో ఇంగ్లండులో డేవిడ్ స్మిత్ అనే రిటైరైన ప్రింటింగ్ టెక్నీషియన్ కంప్యూటర్ మీద ఆకారాలు కదుపుతుంటే పదమూడు భుజాల ఒక ఆకారం తగిలింది. దళసరి కాగితం కత్తిరించి ముక్కలు పక్కపక్కన పేర్చాడు. నేల నిండుతోంది, కానీ ఒకే నమూనా మళ్ళీ మళ్ళీ రావట్లేదు. అలాంటి ఒంటరి పలక ఉందా అని గణితజ్ఞులు దశాబ్దాలుగా వెతుకుతున్నారు. ముగ్గురు నిపుణులతో కలిసి 2023లో ఆయన రుజువు బయటపెట్టాడు. కాగితం ముక్కలు పేర్చడమూ, తర్వాత రుజువు రాయడమూ, రెండూ జరిగాయి కాబట్టే అది సిద్ధాంతమైంది.

రుజువు లేకపోతే బొమ్మ మోసం కూడా చేస్తుంది, ఇది కప్పిపుచ్చాల్సిన పని లేదు. ఎనిమిది గళ్ళ చదరపు అట్టని, 64 గళ్ళది, రెండు త్రిభుజాలుగా, రెండు ఏటవాలు నాలుగు భుజాల ముక్కలుగా కత్తిరించి 5 గళ్ళ వెడల్పు, 13 గళ్ళ పొడుగు దీర్ఘచతురస్రంగా పేర్చొచ్చు. 5 ఇంటు 13 అంటే 65. ఒక గడి ఎక్కడి నుంచి వచ్చింది? కర్ణం వెంట జుట్టుపోగంత సన్నటి సందు ఒకటి ఉంటుంది, దాని వైశాల్యం సరిగ్గా ఒక గడి. ఒక ముక్క వాలు ఎనిమిదికి మూడు, ఇంకోదానిది ఐదుకి రెండు, కంటికి ఒకేలా కనిపిస్తాయి, ఒకటి కావు. ఈ అట్ట ఆటని ప్రతి బళ్ళోనూ ఆడించాలి. చేసి చూసింది నమ్మాలి, నమ్మాక అనుమానించాలి, ఈ రెండూ ఒకే అట్టముక్క నేర్పుతుంది.

మన దగ్గర నమూనాలు లేవని కాదు. సైన్సు ఎగ్జిబిషన్ వస్తే థర్మాకోలు, మెరుపు కాగితం, గమ్ము కొని తెచ్చి, పెద్దవాళ్ళు రాత్రంతా కూర్చుని చేసిపెట్టిన నమూనాలు వరసగా నిలబడతాయి. పిల్లలు పక్కన నిలబడి బట్టీ పట్టిన నాలుగు ముక్కలు అప్పజెబుతారు, బహుమతి రాకపోతే ఏడుస్తారు. అందులో ఏ వస్తువూ పిల్లల చేతుల్లో విరగలేదు, ఎదురు తిరగలేదు, మళ్ళీ చేయాల్సి రాలేదు. అందంగా ఉన్నాయి, అంతే. చీపురు ఈనెలు ఇరవై, రెండు అట్ట రింగులు ఇస్తే పిల్లలే ఈనెలు నిలువుగా రింగులకి తొడిగి పైరింగుని మెల్లగా తిప్పుతారు. తిప్పేకొద్దీ నడుం సన్నబడి డమరుకంలా వంపు తిరుగుతుంది, ఒక్క ఈనె కూడా వంగదు. నిటారు గీతలతో వంపు తలం ఎలా వచ్చింది? క్రిస్టొఫర్ రెన్ 1669లో చూపించిన సంగతి ఇది, 1896లో రష్యాలో షూఖోవ్ ఇలాగే నిటారు ఇనపకమ్మీలతో ఎత్తైన టవరు కట్టాడు. ఖర్చు ఒక పాత చీపురు. పరీక్షల్లో దీనికి మార్కులు లేవు, లెక్కల పీరియడ్‌లో దీనికి టైం లేదు అని టీచర్లు చెప్పేది నిజమే, వాళ్ళ మీద ఉన్న సిలబస్ టెన్షన్ కూడా నిజమే. అయితే గ.సా.భా.కి మూడు పీరియడ్లు కేటాయించేటప్పుడు అందులో ఒకటి బడి ఆవరణలో ముగ్గుపిండితో గడిపితే సిలబస్ తగ్గదు.

చివరిగా వెదురు అల్లిక ఒకటి. మూడు వైపుల నుంచి బద్దలు వేసి ఆరు మూలల కన్నులు వచ్చేలా అల్లే పద్ధతి ఒకటుంది, కన్నుకీ కన్నుకీ మధ్య చిన్న త్రికోణాలు పడతాయి. అన్నీ ఆరు మూలల కన్నులే అల్లుకుంటూ పోతే అది చాపే అవుతుంది, ఎంత అల్లినా చదునుగానే ఉంటుంది. దాన్ని వంచాలంటే బద్దని బలవంతపెట్టనక్కర్లేదు, ఎక్కడో ఒక చోట ఒక బద్ద తగ్గించి ఐదు మూలల కన్ను వేస్తే చాలు, అల్లిక దానంతట అదే టోపీలా లేస్తుంది. ఏడు మూలల కన్ను వేస్తే లేసు కుచ్చులాగా జీనులా మెలిపడుతుంది. మూలలు, అంచులు, ముఖాల సంఖ్యల్ని ముడిపెట్టే ఆయిలర్ సూత్రం ప్రకారం లెక్క వేస్తే, ఐదు మూలల కన్నుకి ఒకటి, నాలుగు మూలల దానికి రెండు, ఆరు మూలల దానికి సున్నా, ఏడు మూలల దానికి మైనస్ ఒకటి చొప్పున కూడితే, మొత్తం మూసుకున్న బంతికి ఆ మొత్తం ఎప్పుడూ పన్నెండే. ఫుట్‌బాల్ మీద నల్లముక్కలు పన్నెండు ఉండేది అందుకే. ఒక వైపు తెరిచి ఉన్న గంపకి పన్నెండు అక్కర్లేదు. గోడ నిలువుగా దిగేదైతే పైకప్పులో ఆరు ఐదుమూలల కన్నులు కావాలి, కిందికి విచ్చుకుంటూ పోయేదైతే అంతకన్నా తక్కువ, ఒక్కటే ఉంటే బాగా పరుచుకున్న గొడుగులా వస్తుంది. పాత క్యాలెండర్ కాగితం వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి ఐదింటితో నడిమి కన్ను మొదలుపెడితే, రెండో చుట్టు పూర్తయ్యేలోపు కాగితం బల్ల వదిలి పైకి లేవడం మొదలవుతుంది.